మీకు తెలుసా? విమానం బుల్లిదే, అదురు గట్టిది

రేడియో లేదు, రిమోట్ లేదు. చేతిలో ఒక పిడి, ఆ పిడి నుంచి విమానం ఎడమ రెక్క దాకా రెండు సన్నటి ఉక్కు తీగలు. విమానం గుండ్రంగా తిరుగుతుంటే, నడుమ నిలబడ్డ మనిషి దానితో పాటే తిరుగుతూ మణికట్టు ఆడించి దాన్ని లేపుతాడు, దించుతాడు, పల్టీలు కొట్టిస్తాడు. ఇదీ కంట్రోల్‌లైన్ విమానం. అమెరికాలో పోర్ట్‌లాండ్‌ వాసి జిమ్ వాకర్ 1940లలో ‘యూ-కంట్రోల్’ పేరుతో ఈ ఆటను అందరికీ అలవాటు చేశాడు. ఆయన ఒకేసారి మూడు విమానాలు ఎగరేసేవాడు: చేతికొకటి, నెత్తిన పెట్టుకున్న హెల్మెట్‌కి ఒకటి! మన దగ్గర ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ చేసినవాళ్లకు ఈ తీగల సంగతి కొత్తేం కాదు. వాళ్లలో చాలామందికి తగిలే ఉండే ఒక తలనొప్పి గురించే ఈసారి ముచ్చట. ఇంజను అదురు.

పుట్టుకతో వచ్చిన గుణం

ఒక్క సిలిండర్ ఇంజను అదరకుండా ఉండదు. పిస్టన్ పైదాకా పోయి ఆగాలి, వెనక్కి తిరగాలి, అడుగుదాకా వచ్చి మళ్లీ ఆగాలి. నిమిషానికి 10,000 చుట్లు తిరిగే ఇంజనులో ఈ తంతు సెకనుకు 166 సార్లు జరుగుతుంది. దానికి విరుగుడుగా క్రాంక్‌షాఫ్ట్‌కు అవతలి పక్క ఎదురు బరువు పెడతారు. పిస్టన్ ఎంత బరువుంటే అంతా పెట్టేస్తే పోలా? పోదు. పిస్టన్ కదిలేది ఒకే గీత మీద, ఎదురు బరువు తిరిగేది గుండ్రంగా. పైకీ కిందికీ ఉన్న కుదుపును అది ఎంత మింగుతుందో, పక్కలకు అంతా కక్కుతుంది. అందుకని పైకీ కిందికీ ఆడే బరువులో సుమారు సగానికే ఎదురు బరువు పెట్టి రాజీపడతారు.

కాబట్టి ఇంజను అదరడం రోగం కాదు. నిన్నటి కంటే ఇవాళ ఎక్కువ అదురుతుంటే అదీ రోగం. అప్పుడు కూడా స్పానర్ తీసుకుని ఇంజను విప్పడానికి కూర్చునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తప్పు ఎక్కువసార్లు దాని ముందున్న ప్రొపెల్లర్‌ది, కాకుంటే దాని వెనకున్న కర్రది.

పది బియ్యపు గింజల బలం

సన్నబియ్యం గింజలు ఓ పది ఏరి తూస్తే దగ్గరదగ్గర గ్రాములో పదో వంతు తూగుతాయి. పది అంగుళాల ప్రొపెల్లర్‌కు ఒక బ్లేడు కొసన అంత బరువు ఎక్కువుందనుకోండి. 10,000 చుట్ల దగ్గర ఆ కొస గంటకు 480 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటుంది. అక్కడ ఏ వస్తువైనా తన బరువుకు 14 వేల రెట్ల బలంతో బయటికి లాగుతుంది. అంటే ఆ పది గింజలు షాఫ్ట్‌ను లాగే బలం కిలో నాలుగొందల గ్రాములు. విమానం మొత్తం బరువు చూడబోతే కిలో, మహా అయితే కిలోంబావు! తన బరువును మించిన బలం తన ముక్కునే పట్టుకుని సెకనుకు 166 సార్లు ఊపుతుంటే ఏ బల్సా కర్రయినా ఎన్నాళ్లు తట్టుకుంటుంది?

ఇంకో తిరకాసు. ఈ బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. 8,000 చుట్ల నుంచి 10,000కు వెళ్తే వేగం పెరిగింది పావు వంతే, కుదుపు మాత్రం ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది.

కొట్టులోంచి కొత్తగా తెచ్చిన ప్రొపెల్లర్ కదా, అన్నీ చూసే పంపి ఉంటారనే ధీమా పనికిరాదు. ఇంట్లో సరిచూసుకోవడానికి పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. ప్రొపెల్లర్ కన్నంలో బిగువుగా పట్టే ఉక్కు కడ్డీ ఒకటి, రెండు షేవింగ్ బ్లేడ్లు చాలు. బ్లేడ్లను ఒకే ఎత్తులో, అంచులు పైకి ఉండేలా నిలబెట్టి కడ్డీని వాటి మీద ఆనించి వదిలితే బరువున్న పక్క కిందికి దిగుతుంది. దాని ముందు వైపు, అంటే ఉబ్బుగా ఉన్న వైపు, గరుకు కాగితంతో కొద్దికొద్దిగా రుద్దాలి. కొస మాత్రం కత్తిరించకూడదు. రుద్దే ఓపిక లేకపోతే తేలిక పక్కన కొస దగ్గర గోళ్ల రంగు ఒక పూత వేసి ఆరనిచ్చి చూడండి. నవ్వులాటకు చెప్పడం లేదు, నిజంగానే పనిచేస్తుంది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ప్రొపెల్లర్ అడ్డంగా కదలకుండా నిలిచిందిగా, ఇంకేం కావాలి అంటారు. ఇప్పుడు దాన్ని నిటారుగా నిలబెట్టి వదలండి. మెల్లగా ఒక పక్కకు ఒరిగి అడ్డంగా వచ్చి ఆగిందా? బ్లేడ్లు రెండూ సమానమే, మధ్యన బొడ్డు ఒక పక్క బరువెక్కింది. ఆ బొడ్డుకు తేలికగా ఉన్న వైపు చుక్క ఎపాక్సీ పెడితే సరి. చెక్క ప్రొపెల్లర్‌తో ఇంకో పేచీ ఉంది: అది తేమ పీల్చుకుంటుంది, వదిలేస్తుంది. వానాకాలంలో సరిచూసినదాన్ని ఎండలు ముదిరాక మళ్లీ ఒకసారి కడ్డీకి ఎక్కించాల్సిందే.

కన్నంలో ఉన్న కిటుకు

ప్రొపెల్లర్ కన్నం చిన్నదైతే డ్రిల్ పెట్టి పెద్దది చేసుకోవడం అందరికీ అలవాటు. చేత్తో పట్టుకుని డ్రిల్ చేస్తే కన్నం ఎటో ఒక పక్కకు జరగక మానదు. ఒక అర మిల్లీమీటరు జరిగిందనుకుందాం. ప్రొపెల్లర్ బరువు 20 గ్రాములు. లెక్క వేస్తే, ఆ జరుగు వల్ల వచ్చే కుదుపు పైన చెప్పిన పది గింజల కుదుపుకు కొంచెమే తక్కువ. డ్రిల్ బదులు కన్నాన్ని కొద్దికొద్దిగా పెద్దది చేసే రీమర్ వాడితే ఈ గొడవ చాలా వరకు ఉండదు.

కన్నం షాఫ్ట్ కన్నా వదులుగా ఉన్నా ఇదే కథ. బ్యాలన్సు చూసే పరికరంలో ఉండే కోను ప్రొపెల్లర్‌ను సరిగ్గా నడిమధ్య పట్టుకుంటుంది, ఇంజను షాఫ్ట్ పట్టుకోదు. బల్ల మీద బుద్ధిగా నిలిచిన ప్రొపెల్లర్ ముక్కుకు బిగించగానే వెర్రెత్తినట్టు ఊగేది ఇందుకే. మధ్యలో సరైన కొలత బుష్ ఒకటి వేస్తే చాలు.

దోషం ప్రొపెల్లర్‌దో కాదో తేల్చుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. నట్టు వదులు చేసి, షాఫ్ట్‌ను కదలనీయకుండా ప్రొపెల్లర్‌ను అర చుట్టు తిప్పి మళ్లీ బిగించండి. అదురు తగ్గినా పెరిగినా దొంగ ముందు వైపే ఉన్నాడు. ప్రొపెల్లర్ బొడ్డు మీద టోపీలా తొడిగే స్పిన్నర్ తీసేసి ఇంకోసారి నడిపి చూడండి. చూడ్డానికి అందంగా ఉండే ఈ స్పిన్నర్లలో నడిమధ్యకు సరిగ్గా కూర్చునేవి అరుదు. ఎంత తిప్పినా తేడా లేదంటే అప్పుడు వెనక్కి రావాలి.

అన్నట్టు రెండు బ్లేడ్ల కొసలూ ఒకే దారిలో తిరుగుతున్నాయో లేదో కూడా చూసుకోవాలి. ఇంజను ఆపి, ఒక కొస పక్కనే ఏదైనా పుల్ల నిలబెట్టి, చేత్తో మెల్లగా తిప్పితే రెండో కొస ఆ పుల్లకు అంతే దూరంలో వచ్చి నిలవాలి. గాటు పడ్డ ప్రొపెల్లర్‌ను రుద్ది వాడుకోవడం అనే పిసినారితనం మాత్రం వద్దు. గంటకు 480 కిలోమీటర్ల వేగంతో ముక్క ఊడిందంటే ఎవరికి తగులుతుందో చెప్పలేం. ఇంజను తిరిగేటప్పుడు ప్రొపెల్లర్‌కు నేరుగా పక్కన ఎవరూ నిలబడకూడదన్నది అందుకే.

సిలిండర్ పక్కకు పడుకుంటే

నేర్చుకునేవాళ్లు ముందుగా కట్టేది ప్రొఫైల్ విమానం. దాని ఒళ్లు ఒక చదునైన పలక, మందం అర అంగుళం. ఇంజను ఆ పలకకు పక్క నుంచి బిగిస్తారు. సిలిండర్ అడ్డంగా బయటికి చూస్తుంటుంది. అంటే పిస్టన్ కొట్టే దెబ్బ పలకకు అడ్డంగా పడుతుంది. పలక ఏ వైపు తేలిగ్గా వంగుతుందో సరిగ్గా ఆ వైపే! నిలువుగానో తలకిందులుగానో ఇంజను పెట్టిన లావుపాటి ఫ్యూజలేజ్‌ల కన్నా ప్రొఫైల్ విమానాలు ఎక్కువ అదరడం వెనక ఉన్న రహస్యం ఇంతే. ముక్కు భాగానికి రెండు పక్కలా ప్లైవుడ్ అతికించి, దాన్ని రెక్క ముందు అంచు దాటి వెనక్కి సాగదీస్తే చాలా తేడా కనిపిస్తుంది. రెక్క ముందే ఆపేస్తే మాత్రం పలక సరిగ్గా ఆ గీత దగ్గరే వంగడం మొదలుపెడుతుంది.

నల్లటి మరక

ఇంజనుకు రెండు పక్కలా చెవుల్లాంటి అంచులుంటాయి. వాటికున్న నాలుగు కన్నాల్లో నాలుగు బోల్టులు. ఎగరేశాక ఆ చెవుల చుట్టూ, బోల్టు తలల కింద చూడండి. పొగగొట్టం నుంచి వచ్చిన నూనె గోధుమరంగులో ఉంటుంది, దానికేం కంగారు లేదు. చెవుల అంచు వెంబడి బూడిద కలిసిన నల్లటి జిడ్డు కనిపిస్తే మాత్రం అక్కడ లోహం రాసుకుంటోంది. అల్యూమినియం అరిగి నూనెలో కలిస్తే ఆ రంగే వస్తుంది. ఇంజను కదులుతోందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

బోల్టు గట్టిగా బిగిస్తే సరిపోతుందా? ఒకటి రెండు రోజులు సరిపోతుంది. కింద ఉన్న మేపుల్ కర్ర నొక్కుకుపోయి మళ్లీ వదులవుతుంది. మళ్లీ బిగిస్తే ఇంకాస్త నొక్కుకుపోతుంది. చెవుల కింద సన్నటి అల్యూమినియం పట్టీ పరిస్తే ఒత్తిడి నలుదిక్కులకూ పరుచుకుంటుంది. కర్రలో బోల్టు దూరే కన్నానికి లోహపు గొట్టం ముక్క తొడిగితే కర్ర నొక్కుకుపోయే వీలే ఉండదు.

బిగింపులోనే ఉన్న ఇంకో చిక్కు చాలామంది కంటపడదు. ప్లగ్ విప్పేసి, బోల్టులు వదులుగా ఉన్నప్పుడు షాఫ్ట్‌ను వేళ్లతో తిప్పి చూడండి. తర్వాత నాలుగూ బిగించి మళ్లీ తిప్పండి. ఇందాకటి కన్నా బిగువుగా ఉందా? అయితే ఇంజను ఆనుకునే రెండు కర్రలూ ఒకే మట్టంలో లేవు. బోల్టులు ఇంజనునే మెలిపెడుతున్నాయి. మూడు బిగించి నాలుగోది వదిలేస్తే ఆ చెవి కింద సందు కనిపిస్తుంది, కాగితం ముక్క దూరేంత. కాగితం దూరిందంటే కర్రను రుద్ది మట్టం చేయాలి తప్ప ఇంకా గట్టిగా బిగించకూడదు. అలా బిగిస్తే అదురు తగ్గినట్టే అనిపిస్తుంది. బేరింగు మాత్రం లోపల్లోపల అరిగిపోతుంటుంది.

నీడిల్ వాల్వు చేసిన పాపమేం లేదు

కంట్రోల్‌లైన్‌లో స్టంట్ ఎగరేసేవాళ్లకు ఇంజను సద్దు సంగీతంతో సమానం. డ్యూక్ ఫాక్స్ 1940ల చివర విడుదల చేసిన ఫాక్స్ 35 ఇంజను (0.35 ఘనపు అంగుళాలు, మన లెక్కలో 5.7 సీసీ) దశాబ్దాల పాటు ఈ ఆటకు పెట్టింది పేరు. జార్జ్ ఆల్డ్రిచ్ గీసిన పేరుమోసిన ‘నోబ్లర్’ విమానం ముక్కున ఉండేది ఎక్కువగా ఇదే. మట్టంగా ఎగిరేటప్పుడు ఇంధనం కాస్త ఎక్కువ పోసేలా, ఇంధనం ధారను సరిచేసే నీడిల్ వాల్వును పెడతారు. అప్పుడు ఈ టూ-స్ట్రోక్ ఇంజను ప్రతి చుట్టుకూ పేలకుండా చుట్టు విడిచి చుట్టు పేలుతూ బుడబుడమంటుంది. ముక్కు పైకెత్తగానే కూత పెట్టి బలం పుంజుకుంటుంది, మట్టానికి రాగానే మళ్లీ బుడబుడలోకి దిగుతుంది. ఆటంతా ఈ ఎక్కడం దిగడంలోనే ఉంది.

అదురు ఎక్కువైతే ముందుగా చెడేది ఈ సంగీతమే. ట్యాంకులో ఇంధనం నురగ కడుతుంది. ఇంధనంతో పాటు బుడగలు పైపులోకి వచ్చి ఇంజనుకు తిండి చాలదు. కూత ఎక్కిన ఇంజను కిందికి దిగనని మొరాయిస్తుంది, వేడెక్కుతుంది, ఒక్కోసారి పల్టీ మధ్యలోనే ఆగిపోతుంది. మనవాడు నీడిల్ ఇంకో రెండు గంట్లు తెరుస్తాడు. ఈసారి నురగ లేని మొదటి నిమిషం ఇంజను నీరసంగా ఈడుస్తుంది, నురగ కట్టాక మళ్లీ పాత కథే. నీడిల్ మార్చడం, ప్లగ్ మార్చడం, ఇంధనం డబ్బా మార్చడం, చివరికి ఇంజనునే అమ్మేయడం! ఫాక్స్ 35 మీద పడ్డ నిందల్లో సగం దాని ట్యాంకు మోయాల్సినవని నా నమ్మకం.

నురగ కడుతోందో లేదో తెలుసుకోవడం తేలికే. ట్యాంకుకూ ఇంజనుకూ మధ్య పారదర్శకమైన పైపు వేసి, ఇంజను నేల మీద నడుస్తుండగా ప్రొపెల్లర్ వెనక నుంచి చూడండి. అప్పుడొకటి అప్పుడొకటి బుడగ వస్తే పట్టించుకోనక్కర్లేదు. సోడా కొట్టినట్టు సన్నటి బుడగలు వరసకట్టి పరుగెత్తితే మాత్రం నురగే. ట్యాంకు కింద, పక్కలా పల్చటి స్పాంజి రబ్బరు పెట్టి, ట్యాంకు కర్రకు గానీ ఇంజను వెనక మూతకు గానీ తగలకుండా రబ్బరు బ్యాండ్లతో కడితే చాలావరకు తగ్గుతుంది. కొందరు అదే రబ్బరును ఇంజను చెవుల కింద పెడతారు. అక్కడ వద్దు. ఇంజను విమానాన్ని ఎంత గట్టిగా పట్టుకుని ఉంటే విమానం బరువంతా దానికి అంత తోడు నిలుస్తుంది.

రేకు ట్యాంకుల్లో ఇంకో మాయరోగం ఉంది. అదురుకు లోపలి గొట్టం టంకం ఊడిపోతుంది. బయటికి అంతా బాగానే ఉంటుంది, సగం ట్యాంకు ఉండగానే ఇంజను ఆగిపోతుంది. ట్యాంకును చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల గలగలమంటుంది. అతుకుల దగ్గర సూదిబెజ్జం పడిందేమోననుకుంటే, గొట్టాలు ఒక్కటి తప్ప అన్నీ మూసి, నీళ్లలో ముంచి ఊదండి.

నేల మీద బుద్ధిమంతుడు

ప్రతి విమానానికీ తనకు నచ్చిన ఒక లయ ఉంటుంది. ఇంజను చుట్లు సరిగ్గా ఆ లయకు కుదిరినప్పుడు ఒళ్లంతా పూనకం వచ్చినట్టు ఊగుతుంది, ఓ ఐదారొందల చుట్లు అటో ఇటో అయితే నిమ్మళిస్తుంది. నేల మీద నిలకడగా నడిచిన ఇంజను గాల్లోకి వెళ్లగానే అదరడానికి ఇదొక కారణం. విమానం ముందుకు దూసుకుపోతుంటే ప్రొపెల్లర్ మీద భారం తగ్గి ఇంజను నాలుగు చుట్లు ఎక్కువే తిరుగుతుంది, ఆ లయను అందుకుంటుంది. రెండో కారణం సాయం పట్టేవాడి చెయ్యి. ఫ్యూజలేజ్‌ను గట్టిగా పట్టుకుంటే ఆ చెయ్యే కుదుపును మింగేస్తుంది. నేల మీద పరీక్షించేటప్పుడు వేళ్లతో తేలిగ్గా మాత్రమే ఆపి, తోక రెక్కల కొసల్ని చూడాలి. అంచు ఒకటే గీతగా కాకుండా రెండుగా, మసకగా కనిపిస్తే లయ కుదిరిందన్నమాట. ఇక్కడ ఇంజనును ఏమీ చేయనక్కర్లేదు. ప్రొపెల్లర్ ఒక సైజు మార్చి చుట్లు తగ్గించినా పెంచినా తప్పించుకోవచ్చు.

ఆముదం అటూ ఇటూ

మిథనాల్, ఆముదం, కాస్త నైట్రోమీథేన్. గ్లో ప్లగ్‌తో నడిచే ఇంజను తాగేది ఇదే. గట్టి వేడికి కూడా తట్టుకునే ఆముదం పాతకాలపు ఇంజన్లకు ప్రాణం. నల్గొండ, మహబూబ్‌నగర్ చెలకల్లో పండే ఆముదం గింజకు ఆకాశంతో ఇలాంటి చుట్టరికం ఉందని మనలో ఎందరికి తెలుసు? కాకపోతే ఆ నూనే ఇంజను కింద కర్రకు శత్రువు. రంగు పూత కాస్త పగిలితే చాలు, అందులోంచి దూరి మేపుల్ కర్రలోకి ఇంకి, జిగురు పట్టును వదలగొడుతుంది. ఒకసారి నానిన కర్రకు ఉన్నపళంగా ఏ జిగురూ అంటదు. స్పిరిట్‌తో పదేపదే తుడిచి, టాల్కం పౌడరు చల్లి నూనెను పీల్చించాకే ఎపాక్సీ వేయాలి. ముక్కు పట్టుకుని అటూ ఇటూ మెల్లగా వంచినప్పుడు అతుకుల్లోంచి నూనె చెమర్చిందంటే, లోపల జిగురు పోయినట్టే.

ప్లగ్ లేని బుల్లి డీజిల్ ఇంజన్లు ఈథర్, కిరసనాయిలు, ఆముదం కలిపి తాగుతాయి. వాటి నెత్తిన ఒత్తిడి సరిచేసే మర ఒకటుంటుంది. అదురుకు ఆ మర తనంతట తనే వదులై తిరిగిపోతే ఇంజను బలం తగ్గిపోతుంది. మరకు గుర్తుగా రంగు గీత పెట్టుకుంటే తేలిగ్గా పట్టేయొచ్చు.

తీగల వైపు ఒక చూపు

ఇరవై మీటర్ల తీగ మీద ఐదు సెకన్ల పైచిలుకులో ఒక చుట్టు తిరిగే విమానం తన బరువుకు దాదాపు మూడు రెట్ల బలంతో తీగల్ని లాగుతుంది. అమెరికా పోటీల్లో స్టంట్ విమానాన్ని ఎగరనిచ్చే ముందు బరువుకు పది రెట్ల బలంతో తీగలు లాగి చూస్తారు. ఆ పరీక్ష లాగుడుకు సంబంధించినది. అదురుకు రోజూ కొంచెం కొంచెంగా అరిగే వాటి సంగతి వేరు: రెక్కలో తీగల కొసలు తగిలించే బెల్‌క్రాంక్ కన్నాలు, అక్కడి నుంచి తోకలోని ఎలివేటర్ దాకా పోయే పుష్‌రాడ్ వంపులు, తీగ మెలితిప్పిన కొసలు. ఎలివేటర్‌ను వేళ్లతో కదిపితే పిడి కదలకుండానే అది ఒకటి రెండు మిల్లీమీటర్లు ఊగుతోందంటే, ఆ కన్నాలన్నీ ఒకసారి చూడాల్సిన టైమొచ్చింది.

చివరి ముద్దాయి

ప్రొపెల్లర్ మార్చారు, స్పిన్నర్ తీశారు, బోల్టులు, కర్ర, ట్యాంకు అన్నీ సవ్యంగానే ఉన్నాయి. అదురు మాత్రం తగ్గలేదు. ఈమధ్య విమానం ముక్కు నేలకు గుద్దుకుందా? గుద్దుకుంటే క్రాంక్‌షాఫ్ట్ వంగి ఉండొచ్చు. ప్రొపెల్లర్ తీసేసి, షాఫ్ట్ కొస పక్కన ఆనీ ఆననట్టు సూదిమొన నిలబెట్టి మెల్లగా తిప్పండి. సందు ఒక చోట ఎక్కువ, అర చుట్టు తర్వాత తక్కువ కనిపిస్తే వంగినట్టే. షాఫ్ట్‌ను పైకీ కిందికీ ఆడించి చూడండి, వేలికి ఆట తెలిస్తే ముందు బేరింగు అరిగింది. వంగిన షాఫ్ట్‌ను సుత్తితో సరిచేస్తానని ఎవరైనా ముందుకొస్తే దణ్ణం పెట్టి కొత్తది వేయించుకోండి. ఇంజను విప్పడానికి స్పానర్ తీయాల్సింది ఇదిగో, ఇప్పుడు.